మైక్రోఫోన్ మోయలేని బరువు

1901 డిసెంబరులో అట్లాంటిక్ అవతలి ఒడ్డు నుంచి మోర్స్ సంకేతం తనకు అందిందని మార్కోనీ ప్రకటించాడు. 1907 వచ్చేసరికి ఐర్లాండ్‌లోని క్లిఫ్డెన్‌కూ కెనడాలోని గ్లేస్ బేకూ మధ్య వైర్‌లెస్ టెలిగ్రాములు పంపడం ఒక వ్యాపారంగానే మొదలైంది. అదే సముద్రాన్ని మనిషి మాట మొదటిసారి దాటింది 1915లో. రుసుము కట్టి మాట్లాడుకునే సేవగా అది కుదురుకున్నది 1927 జనవరిలో. చుక్కలూ గీతలూ దాటిన దారినే మాట దాటడానికి ఇంత ఆలస్యం ఎందుకైంది? సాధారణంగా వినిపించే జవాబు ఒకటుంది. మాటను మోయాలంటే తెంపులేని, తగ్గిపోని తరంగం కావాలి. తొలినాటి స్పార్క్ ట్రాన్స్‌మిటర్లు దాన్ని పుట్టించలేకపోయాయి. పుట్టించగలిగిన రోజున సమస్య తీరిపోయింది. ఈ జవాబులో నిజముంది గానీ అది సగమే. నిరంతర తరంగం చేతికొచ్చాక కూడా దాదాపు పదేళ్లపాటు వైర్‌లెస్ టెలిఫోన్ ప్రదర్శనల దశలోనే ఉండిపోయింది. గొంతులో ఉండే అతి స్వల్పమైన శక్తిని యాంటెనాలో పారే అపారమైన శక్తికి ఎలా ముడిపెట్టాలన్నదే ఆ పదేళ్లూ ఇంజనీర్లను నిలేసిన అసలు చిక్కు అని నా వాదన. ఆ ముడి వేసింది యాంప్లిఫయర్. అది పరిణతి చెందింది తీగల టెలిఫోన్ కంపెనీలో, తీగల అవసరం కోసం.

ముందుగా ఆ సగం నిజానికి దక్కాల్సిన గౌరవం దక్కనిద్దాం. స్పార్క్ ట్రాన్స్‌మిటర్‌లో కండెన్సర్ నిండగానే రెండు లోహపు గుండ్ల మధ్య నిప్పురవ్వ దూకి, యాంటెనాలో ఒక కంపనం పుడుతుంది. పుట్టిన క్షణం నుంచీ అది క్షీణిస్తూ ఆరిపోతుంది. మళ్లీ రవ్వ పడేదాకా యాంటెనాలో ఏమీ ఉండదు. సెకనుకు కొన్ని వందల రవ్వలు పడితే రిసీవర్‌లో అదొక రొదగా వినిపిస్తుంది. టెలిగ్రాఫ్ ఆపరేటర్‌కు కావలసింది ఆ రొదే. అది ఎంతసేపు వినిపించింది, ఎప్పుడు ఆగింది అన్నదాన్నిబట్టి అతను అక్షరం గుర్తుపడతాడు. మాట కూడా చెవికి అందే ఆ కంపనాల పరిధిలోనిదే కాబట్టి, రొద కింద నలిగిపోతుంది. కెనడాలో పుట్టి అమెరికాలో పనిచేసిన రెజినాల్డ్ ఫెసెండెన్ రవ్వల సంఖ్యను సెకనుకు 10,000 దాకా పెంచి, 1900 డిసెంబరు 23న మేరీలాండ్‌లోని కాబ్ ద్వీపంలో సుమారు ఒకటిన్నర కిలోమీటరు దూరానికి మాట పంపాడు. అక్కడ మంచు కురుస్తోందా అని అడిగితే, సహాయకుడి నుంచి అవునని టెలిగ్రాఫ్‌లో జవాబొచ్చింది. మాట అర్థమైంది గానీ, గరగర కూడా గట్టిగానే ఉంది. రవ్వలను వదిలేయాలని ఫెసెండెన్ తేల్చుకున్నాడు, అది సరైన నిర్ణయమే. డెన్మార్క్‌లో వాల్డెమార్ పౌల్సెన్ 1903 నాటికి హైడ్రోజన్ ఉన్న వాతావరణంలో, అయస్కాంత క్షేత్రం మధ్య ఆర్క్‌ను వెలిగించి నిరంతర తరంగం రాబట్టాడు. ఫెసెండెన్ కోరిక మీద జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఎర్న్‌స్ట్ అలెగ్జాండర్‌సన్ సెకనుకు 50,000 సైకిల్స్ స్థాయిలో విద్యుత్తునిచ్చే ఆల్టర్నేటర్ తయారుచేశాడు. 1906 నాటికి రెండు దారులూ తెరుచుకున్నాయి. తరంగం లేదన్న సాకు ఇక చెల్లదు.

అసలు కష్టం అక్కడే మొదలైంది. నిరంతర తరంగం ఉన్నంత మాత్రాన అందులో మాట ఉండదు. మాట హెచ్చుతగ్గులకు తగ్గట్టు తరంగం బలం హెచ్చుతగ్గులవ్వాలి. ఆ పని చేయడానికి అప్పట్లో దొరికే పరికరం ఒక్కటే, టెలిఫోన్‌లో వాడే కార్బన్ మైక్రోఫోన్. పలుచని డయాఫ్రమ్, దాని వెనక చిన్న గిన్నె, గిన్నెలో సన్నని కార్బన్ పలుకులు, రెండు వైపులా విద్యుత్ కొనలు. మాట తగిలి డయాఫ్రమ్ లోపలికి నొక్కుకుంటే పలుకులు దగ్గరై నిరోధం తగ్గుతుంది, కరెంటు పెరుగుతుంది. వెనక్కొస్తే కరెంటు తగ్గుతుంది. చాలామంది పట్టించుకోని విశేషం ఒకటి ఇక్కడుంది. కార్బన్ మైక్రోఫోన్ కూడా ఒకరకమైన యాంప్లిఫయరే. బయటికొచ్చే విద్యుత్తు బ్యాటరీ ఇచ్చింది, గొంతు దాన్ని అదుపు చేసిందంతే; అందుకే లోపలికి పోయిన ధ్వని శక్తి కన్నా బయటికొచ్చిన విద్యుత్ శక్తి ఎన్నో రెట్లు ఎక్కువ. చెరువు తూము దగ్గర మనిషి చేతి బలం నీటిని మోయదు, తలుపును కదుపుతుందంతే. తూము తలుపు ఎంత పారుదలను ఆపగలదన్నదే తొలి వైర్‌లెస్ టెలిఫోన్ ఎదుర్కొన్న ప్రశ్న.

లెక్క చూస్తే ఆ ప్రశ్న ఎంత కఠినమో తెలుస్తుంది. మామూలుగా మాట్లాడే మనిషి గొంతు నుంచి వెలువడే ధ్వని శక్తి సగటున పది మైక్రోవాట్ల ప్రాంతంలో ఉంటుంది. యాంటెనాలో ఒక కిలోవాటు కావాలంటే ఈ రెంటి మధ్యా పది కోట్ల రెట్లు తేడా. టెలిఫోన్ మైక్రోఫోన్ నిబ్బరంగా మోయగలిగేది ఆంపియర్‌లో పదో వంతు ప్రాంతంలోని కరెంటు. పది ఓమ్‌ల నిరోధమున్న యాంటెనాలో కిలోవాటు పారాలంటే పది ఆంపియర్లు కావాలి. తొలినాటి ఇంజనీర్లు మైక్రోఫోన్‌ను తీసుకెళ్లి నేరుగా యాంటెనా దారిలోనే పెట్టారు, వేరే గత్యంతరం లేక. పారే శక్తిలో పెద్ద వాటా మైక్రోఫోన్‌లోనే వేడిగా మారేది. పలుకులు కాలిపోయేవి, ఒకదానికొకటి అతుక్కుపోయేవి, వాటి మధ్య చిన్న చిన్న రవ్వలు లేచేవి. నాలుగు మైక్రోఫోన్లను పక్కపక్కన కలిపి కరెంటును పంచుదామంటే అదీ కుదురుగా సాగదు. వేడెక్కిన కొద్దీ కార్బన్ నిరోధం తగ్గుతుంది. నాలుగింట్లో ఏది కాస్త ఎక్కువ వేడెక్కితే దాని గుండా ఇంకాస్త కరెంటు పారుతుంది, దాంతో అది మరింత వేడెక్కుతుంది. చివరికి బరువంతా దాని మీదే పడుతుంది.

ఈ అవస్థ నుంచి బయటపడటానికి చేసిన ప్రయత్నాలు ఆ కాలపు మేధకు గొప్ప సాక్ష్యాలు. మైక్రోఫోన్ల చుట్టూ నీళ్లు పారించి చల్లబరిచారు. ఇటలీలో క్విరినో మజొరానా కార్బన్‌నే వదిలేశాడు. కాస్త ఆమ్లం కలిపిన నీటిని సన్నని ధారగా విడిచిపెట్టి, డయాఫ్రమ్ కదలికతో ఆ ధారను కంపింపజేసి, ధార పడేచోట రెండు విద్యుత్ కొనల మధ్య నీటి పొర మందం మారేలా చేశాడు. నీరు ఎప్పటికప్పుడు కొత్తది వస్తుంది కాబట్టి వేడి దాంతోపాటే కొట్టుకుపోతుంది. ఈ ఊహ నాకు ఎంతో అందంగా కనిపిస్తుంది. కాలిపోయే వస్తువును బాగుచేయడం మాని, కాలడానికి తీరికే లేని వస్తువును ఎంచుకున్నాడు. 1908లో రోమ్ నుంచి సిసిలీలోని ట్రాపానీ దాకా, అంటే 400 కిలోమీటర్ల పైచిలుకు దూరానికి, అతను మాట పంపాడు. 1912లో జుసెప్పే వన్నీ ఇలాంటి ద్రవ మైక్రోఫోన్‌తోనే రోమ్ నుంచి ట్రిపోలీకి, సుమారు 1,000 కిలోమీటర్లు, మాట చేరవేశాడు.

నా వాదనకు మొదటి అభ్యంతరం ఇక్కడే లేస్తుంది. యాంప్లిఫయర్ లేకుండానే 1,000 కిలోమీటర్లు దాటగలిగితే, ఫెసెండెన్ 1906లోనే మసాచుసెట్స్‌లోని బ్రాంట్ రాక్ నుంచి మాట్లాడగలిగితే, దాన్నే కీలకమనడం అతిశయోక్తి కాదా? బ్రాంట్ రాక్ సంగతే ముందు చూద్దాం. 1906 డిసెంబరు 21న అక్కడి నుంచి 11 మైళ్ల దూరంలోని ప్లిమత్‌కు ఆల్టర్నేటర్‌తో మాట పంపి చూపించడం, వైర్‌లెస్‌ను టెలిఫోన్ లైనుతో కలపడం అప్పటి టెలిఫోన్ పత్రికలో నమోదైన విషయాలు. మూడు రోజుల తరవాత క్రిస్మస్ ముందురోజు రాత్రి ఓడల కోసం సంగీతం ప్రసారం చేశాడన్న ప్రసిద్ధ కథకు ఆధారం 1932లో ఫెసెండెన్ రాసిన ఉత్తరం. ఆనాటి రికార్డులేవీ దాన్ని సమర్థించవు. కాబట్టి కొలమానంగా డిసెంబరు 21నే తీసుకోవాలి. ఆనాటి ఆల్టర్నేటర్ శక్తి అర కిలోవాటుకు లోపే. ఆ మాత్రాన్ని అదుపు చేయడానికే ప్రత్యేకంగా చల్లబరిచే మైక్రోఫోన్లు కావలసి వచ్చాయి. పది రెట్లు పెద్ద ఆల్టర్నేటర్ తెచ్చినా లాభం ఉండేది కాదు. దాన్ని అదుపు చేయగల మైక్రోఫోన్ ఆనాడు లేదు. మజొరానా, వన్నీల విజయాలు కూడా అంతే నిజం, అంతే పరిమితం. అవి చేయి తిరిగిన మనిషి పక్కనుండి సరిచూసుకుంటుంటే సాధ్యమైన ప్రదర్శనలు. వాటి మీద ఒక్క సేవా నిలబడలేదు. అమెరికా నౌకాదళం 1907లో లీ డి ఫారెస్ట్ తయారుచేసిన ఆర్క్ టెలిఫోన్లను ఇరవైకి పైగా కొని ప్రపంచ యాత్రకు బయల్దేరిన ఓడల్లో పెట్టింది. అవి నమ్మకంగా పనిచేయలేదు, ఓడలు తిరిగొచ్చాక పీకేశారు. 1910 జనవరిలో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా నుంచి కరూసో గానాన్ని అదే డి ఫారెస్ట్ ప్రసారం చేసినప్పుడు విన్న కొద్దిమందికీ అది సరిగ్గా వినిపించలేదు. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో చార్లెస్ హెరాల్డ్ మాత్రం నీటితో చల్లబరిచే మైక్రోఫోన్, ఆర్క్‌లతో ఏళ్ల తరబడి క్రమం తప్పకుండా ప్రసారాలు చేశాడు. ఆయన పట్టుదల అసామాన్యం. కానీ ఆ ప్రసారాలు చుట్టుపక్కల శ్రోతల కోసం. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఆయన కూడా వాల్వులకే, అంటే యాంప్లిఫయర్‌గా పనిచేసే శూన్య నాళాలకే, మారాల్సి వచ్చింది.

వీటన్నిటికన్నా బలమైన రుజువు టెలిగ్రాఫ్ వైపు ఉంది. పౌల్సెన్ ఆర్క్‌ను అమెరికాలో ఫెడరల్ టెలిగ్రాఫ్ కంపెనీ ఏటేటా పెంచుకుంటూ పోయింది. మొదటి ప్రపంచ యుద్ధం చివర మొదలై 1920లో పూర్తయిన ఫ్రాన్స్‌లోని బోర్డో స్టేషన్‌లో ఒక్కో ఆర్క్ 1,000 కిలోవాట్లది. నిరంతర తరంగమే గొళ్లెమైతే, ఇంత తరంగం ఉన్నచోట మాట వరదలా పారి ఉండాలి. ఆ ఆర్క్‌లు ఆఖరుదాకా మోర్స్‌నే పంపాయి. టెలిగ్రాఫ్‌కు కావలసింది రెండే స్థితులు, వాటి మధ్య మారడానికి వేలి తాకిడితో నడిచే రిలే చాలు. మాటకు సెకనుకు వేల సార్లు మారుతూ ఉండే అనంతమైన మధ్యస్థాయులు కావాలి, అవన్నీ గొంతు చెప్పినట్టే ఉండాలి. మెగావాటును అలా ఆడించే సాధనం ఆర్క్ ఇంజనీర్ల చేతిలో లేదు. శక్తి ఉంది, తరంగం ఉంది, ముడి లేదు.

ఆ ముడి కోసం మరో చోట ఎప్పటి నుంచో వెతుకులాట సాగుతోంది. తీగ టెలిఫోన్‌కు దూరమే శత్రువు. తీగ పొడవు పెరిగిన కొద్దీ మాట సన్నగిల్లుతుంది. లైనులో మధ్యమధ్య లోడింగ్ కాయిల్స్ వేసి 1911 నాటికి న్యూయార్క్ నుంచి డెన్వర్ దాకా లాక్కొచ్చారు గానీ, ఆ పద్ధతి అక్కడితో చివరికొచ్చింది. మధ్యలో మాటకు కొత్త బలం పోసే రిపీటర్ కావాలి. రిసీవర్ డయాఫ్రమ్‌ను కార్బన్ మైక్రోఫోన్‌కు జోడించిన యాంత్రిక రిపీటర్‌ను హెర్బర్ట్ ష్రీవ్ తయారుచేశాడు. కొంతవరకు పనికొచ్చింది గానీ, మాటను వంకర చేసేది. అమెరికా టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ ముఖ్య ఇంజనీరు జాన్ కార్టీ 1909లోనే తన పైవాళ్లకు రాసిన పత్రంలో, మంచి టెలిఫోన్ రిపీటర్ ఎవరి చేతికి వస్తే వైర్‌లెస్ టెలిఫోన్ మీద కూడా పట్టు వాళ్లకే దక్కుతుందని హెచ్చరించాడు. ఇది వెనక్కి తిరిగి చూసుకుని చెప్పిన తెలివి కాదు. ఆ రోజుల్లోనే సమస్యను సరిగ్గా చదివిన మనిషి మాట. వైర్‌లెస్ వాళ్లు తరంగం కోసం పరుగెడుతున్న కాలంలో, తీగల మనిషి అసలు తాళం ఎక్కడుందో చూశాడు.

రెండో అభ్యంతరం ఇక్కడ వస్తుంది. డి ఫారెస్ట్ మూడు ఎలక్ట్రోడ్ల ఆడియన్ వాల్వును 1906 చివర్లోనే తయారుచేశాడు, 1908లో దానికి పేటెంటూ వచ్చింది. యాంప్లిఫయర్ అంత ముఖ్యమైతే అప్పుడే సమస్య తీరిపోయి ఉండాలి కదా? తీరలేదు, ఎందుకంటే చేతిలో ఉన్న వస్తువు ఏమిటో డి ఫారెస్ట్‌కే పూర్తిగా తెలియదు. వేడి తీగ నుంచి వెలువడే ఎలక్ట్రాన్లు ప్లేటుకు చేరే దారిలో గ్రిడ్ అనే చిన్న జల్లెడ ఉంటుంది. దాని మీది స్వల్పమైన వోల్టేజి ఆ ప్రవాహాన్ని అదుపు చేస్తుంది, అందుకు గ్రిడ్ దాదాపు శక్తే తీసుకోదు. ఆయన దాన్ని కేవలం సంకేతాన్ని పసిగట్టే డిటెక్టర్‌గా వాడాడు, గాజుబుడ్డిలో కొంత వాయువు మిగిలి ఉండటం అవసరమని నమ్మాడు. 1912 అక్టోబరు చివర్లో దాన్ని టెలిఫోన్ రిపీటర్‌గా ఏటీ అండ్ టీ ఇంజనీర్లకు చూపినప్పుడు బలహీనమైన మాటకు బాగానే పనిచేసింది. మాట బలం పెంచేసరికి లోపల నీలి వెలుగు నిండి మాట చెదిరిపోయింది. అక్కడున్న యువ భౌతిక శాస్త్రవేత్త హెరాల్డ్ ఆర్నాల్డ్‌కు ఆ నీలి వెలుగులోనే జబ్బు కనిపించింది. వాయువు సాయం కాదు, అడ్డంకి; దాన్ని పూర్తిగా తోడేయాలి. శూన్యాన్ని పెంచి, తీగకు ఆక్సైడ్ పూత వేయించి, ఏడాదిలోగా వాల్వు రిపీటర్‌ను న్యూయార్క్–బాల్టిమోర్ లైను మీద పరీక్షకు పెట్టాడు. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇర్వింగ్ లాంగ్‌ముయిర్ కూడా అదే కాలంలో తన దారిన అదే చోటికి చేరాడు. 1915 జనవరి 25న న్యూయార్క్ నుంచి టెలిఫోన్ సృష్టికర్త గ్రహం బెల్, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఆయన ఒకప్పటి సహాయకుడు వాట్సన్ మాట్లాడుకున్నది ఈ వాల్వుల బలంతోనే. ఆడియన్ పుట్టిన తేదీకి, యాంప్లిఫయర్ పుట్టిన తేదీకి మధ్య ఆరేడేళ్ల తేడా ఉందన్నమాట. ఆ ఖాళీ నా వాదనకు వ్యతిరేకం కాదు. వైర్‌లెస్ టెలిఫోన్ నిలిచిపోయిన కాలమూ ఆ ఖాళీ కాలమూ ఇంచుమించు ఒకటే.

తాళం తెరుచుకోగానే ఏం జరిగిందో ఆ ఏడాదే తేలింది. వాషింగ్టన్ పక్కన ఆర్లింగ్టన్‌లోని నౌకాదళ స్టేషన్‌లో ఏటీ అండ్ టీ ఇంజనీర్లు నిర్మించిన ట్రాన్స్‌మిటర్ పాత పద్ధతిని తలకిందులు చేసింది. ఇక్కడ మైక్రోఫోన్ యాంటెనా దగ్గర లేదు. మామూలు టెలిఫోన్‌లో ఉన్నట్టే ఉంది. ఒక చిన్న వాల్వు ఆసిలేటర్ అతి తక్కువ శక్తితో నిలకడైన తరంగాన్ని పుట్టిస్తుంది. ఆ చిన్న తరంగం మీదే, శక్తి ఇంకా స్వల్పంగా ఉన్న దశలోనే, మాటను ఎక్కిస్తారు. ఆ తరవాత మాటను మోస్తున్న తరంగం మొత్తాన్ని వాల్వుల వరసల గుండా పంపి పెంచుతారు. ఆఖరి వరసలో పక్కపక్కన కలిపిన 500 పైచిలుకు వాల్వులు, ఒక్కొక్కటీ పాతిక వాట్ల లోపుది. మైక్రోఫోన్లను పక్కపక్కన కలిపితే కూలిపోయిన పద్ధతి వాల్వుల దగ్గర నిలబడింది. 1915 సెప్టెంబరు 29న న్యూయార్క్‌లో టెలిఫోన్‌లో మాట్లాడిన మాట తీగ మీద ఆర్లింగ్టన్ చేరి, అక్కడి నుంచి గాలిలో కాలిఫోర్నియాలోని మేర్ ఐలండ్‌కు వెళ్లింది. హొనొలులులోనూ మాట వినిపించింది. అక్టోబరులో, యుద్ధ సమయపు పనుల మధ్య ఈఫిల్ టవర్ యాంటెనా కాసేపు ఖాళీ దొరికినప్పుడు, పారిస్‌లో కూడా విన్నారు. వాల్వులు తరచుగా కాలిపోయేవి, వినికిడి నిమిషాల్లో ఉండేది, తిరుగు మాట లేదు. ఇవన్నీ నిజమే. అయినా రోమ్–ట్రిపోలీ ప్రదర్శనకూ దీనికీ ఒక తేడా ఉంది: ఇందులోని ప్రతి లోపాన్నీ ఏ దారిన సరిచేయాలో ఇంజనీర్లకు తెలుసు. మంచి వాల్వు కావాలి, పెద్ద వాల్వు కావాలి. ద్రవ మైక్రోఫోన్‌కు అలాంటి తరవాతి మెట్టు లేదు.

ఇక వాల్వు లేకుండానే పెద్ద శక్తిని ఆడించిన అలెగ్జాండర్‌సన్ మాగ్నెటిక్ యాంప్లిఫయర్ సంగతి. ఇనుప కోర్ మీది ఒక చుట్టలో కరెంటు మార్చితే కోర్ సంతృప్తమై మరో చుట్ట ప్రభావం మారుతుంది. దాంతో భారీ ఆల్టర్నేటర్ శక్తిని అదుపు చేయొచ్చు. 1919లో న్యూ బ్రన్స్‌విక్ స్టేషన్ నుంచి అధ్యక్షుడు విల్సన్ ప్రయాణించిన ‘జార్జ్ వాషింగ్టన్’ ఓడకు మాట పంపింది ఈ పద్ధతిలోనే. ఇది గట్టి ఉదాహరణే. కానీ ఆ ఇనుమును కదిలించేంత కరెంటు మైక్రోఫోన్ నుంచి రాలేదు. మాటను ముందు వాల్వులతో పెంచాకే దానికి అందించారు. తోవ మారినా మొదటి మెట్టు అదే. అసలు మార్పు రిసీవర్లలో వచ్చిందనేవాళ్లకూ ఇంచుమించు ఇదే సమాధానం. పారిస్‌లో, హొనొలులులో రిసీవర్లలోనూ వాల్వులే ఉన్నాయి, అవి లేకుంటే ఆ మాట వినిపించేది కాదు. అయితే రిసీవర్ మాటతోపాటు ఆకాశంలోని పిడుగుల గరగరను కూడా పెంచుతుంది. దీర్ఘ తరంగాల మీద ఆ గరగరను మించాలంటే పంపే చోట శక్తి పెంచక తప్పదు.

తరవాతి కథ వేగంగా నడిచింది. యుద్ధం వాల్వును కర్మాగారాల్లో లెక్కకు మిక్కిలిగా తయారయ్యే వస్తువుగా మార్చింది. రాగిని గాజుకు అతికించే విద్య దొరకడంతో నీటితో చల్లబరిచే పది కిలోవాట్ల వాల్వులు వచ్చాయి. మాటకు సంబంధించిన సమాచారమంతా తరంగానికి రెండు పక్కలా ఉండే సైడ్‌బ్యాండ్లలో ఏ ఒక్కదానిలోనైనా ఉంటుందని జాన్ కార్సన్ గణితంతో చూపాడు. మాట పూర్తి స్థాయికి చేరినప్పుడు కూడా మొత్తం శక్తిలో మూడింట రెండు వంతులు మాటలేని క్యారియర్ తరంగమే తినేస్తుందన్నది దీంతో స్పష్టమైంది. క్యారియర్‌ను, ఒక సైడ్‌బ్యాండ్‌ను తీసేసి పంపిన ట్రాన్స్‌మిటర్లతోనే 1927 జనవరి 7న న్యూయార్క్–లండన్ సేవ మొదలైంది; మూడు నిమిషాలకు 75 డాలర్లు. అంత ఖరీదైన పరికరం ఒకవైపు, చిన్న చేతులకు అందే పరికరం మరోవైపు, రెండూ ఒకే వాల్వు నుంచి వచ్చాయి. 1924 జూలై 31న మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ 40 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో ప్రసారాలు మొదలుపెట్టింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనివే. కొందరు ఔత్సాహికులు చందాలు పోగుచేసి నడిపిన క్లబ్బు ఒక నగరానికి మాట, పాట వినిపించగలిగింది. అంతకు పదిహేనేళ్ల ముందు నౌకాదళం డబ్బుతో కూడా కాని పని అది.

అప్పటికి ఇంజనీర్లను వేధిస్తున్న సమస్య పూర్తిగా మారిపోయింది. వాల్వు మాటను పెంచుతుంది, కాస్త వంకరగానూ పెంచుతుంది. వరసగా వందల రిపీటర్లు దాటే లైనులో ఆ వంకరంతా పోగుపడుతుంది. 1927 ఆగస్టు 2న హెరాల్డ్ బ్లాక్ అనే టెలిఫోన్ ఇంజనీరు న్యూయార్క్ వెళ్లే ఫెర్రీలో ప్రయాణిస్తూ, చేతిలోని వార్తాపత్రిక పేజీ మీదే ఒక పటం గీశాడు. యాంప్లిఫయర్ నుంచి బయటికొచ్చే సంకేతంలో కొంత భాగాన్ని ఎదురు దిశలో లోపలికి తిప్పి పంపితే, వంకర ఎంత తగ్గుతుందో పెంపు కూడా అంత తగ్గుతుంది. అంత కష్టపడి సంపాదించిన పెంపును కావాలని పోగొట్టుకోవడమేమిటని పేటెంట్ కార్యాలయం చాలాకాలం నమ్మలేదు. 1928లో వేసిన దరఖాస్తుకు 1937 డిసెంబరులో గాని పేటెంట్ ఇవ్వలేదు. ఈలోగానే పెంపు ఎంత చవకైపోయిందంటే, దాన్ని ఆ రకంగా ఖర్చుపెట్టి మాటను శుభ్రం చేసుకునే పద్ధతి టెలిఫోన్ లైన్ల నుంచి ప్రసార ట్రాన్స్‌మిటర్లలోకి కూడా వచ్చేసింది.